యంత్రాన్ని ఆపించే కొలువు... సేఫ్టీ ఆఫీసరు

పత్తి, మిర్చి పరిశ్రమల నడుమ ఎడ్లపాడులో భద్రతాధికారి అవసరం ఎంత? చట్టం ఏమంటోంది? అర్హతలేమిటి?

ఎడ్లపాడు: గుంటూరు, చిలకలూరిపేట నడుమ 16వ నంబరు జాతీయ రహదారిపై ఉన్న ఎడ్లపాడు మండలానికి ఒకప్పుడు కొండవీడు కోటే గుర్తింపు. నేడు ఆ పేరు చెబితే పత్తి మిల్లులు, మిర్చి శీతల గిడ్డంగులు, వంకాయలపాడులోని సుగంధ ద్రవ్యాల పార్కు కూడా గుర్తుకొస్తాయి. 2022 ఏప్రిల్ 4న కొత్తగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో ఈ మండలం చేరింది. అదే సంవత్సరం నవంబరు 11న వంకాయలపాడులో ఐటీసీ సంస్థకు చెందిన సుగంధ ద్రవ్యాల శుద్ధి కర్మాగారం ప్రారంభమైంది. పొలం పనులతో పాటు షిఫ్టు పనులకు వెళ్లే కుటుంబాలు ఈ ప్రాంతంలో సాధారణమైపోయాయి. ఒడిశా, బిహార్ వంటి రాష్ట్రాల నుంచి వచ్చిన కార్మికులు మిల్లుల ఆవరణలోని గదుల్లోనే నివసిస్తున్నారు.

పరిశ్రమ పెరిగిన చోట యంత్రం వద్ద నిలబడే మనిషికి రక్షణ ఎవరు చూస్తారన్న ప్రశ్న తప్పదు. ఆ పని కోసం చట్టం ప్రత్యేకంగా ఏర్పరచిన ఉద్యోగమే సేఫ్టీ ఆఫీసరు. ఇంజినీరింగ్, డిప్లొమా, బీఎస్సీ చదివిన యువతకు ఇదొక మంచి ఉపాధి మార్గం. అయితే దీనిని హెల్మెట్లు పంచే పనిగానో, తనిఖీ రోజున రిజిస్టర్లు చూపించే పనిగానో చాలామంది భావిస్తున్నారు. కొన్ని యాజమాన్యాల అభిప్రాయమూ అంతే కావడం గమనార్హం.

అసలు చేసేదేమిటి?

భద్రతాధికారి పని ప్రమాదం జరిగిన తర్వాత మొదలయ్యేది కాదు. ఏ యంత్రం వద్ద చెయ్యి చిక్కుకునే వీలుంది, ఏ గదిలో దుమ్ము పేరుకుంటోంది, ఏ తీగ వేడెక్కుతోంది, ఏ మెట్టు జారుతోంది అన్నవి ముందే గుర్తించడం ఆయన మొదటి బాధ్యత. గుర్తించిన దాన్ని రాతపూర్వకంగా యాజమాన్యానికి తెలిపి, సరిచేసే దాకా వెంటపడాలి. కొత్తగా చేరినవారికి శిక్షణ ఇవ్వాలి. ప్రమాదం తృటిలో తప్పిన సంఘటనలను కూడా నమోదు చేసి కారణం వెదకాలి. అనుభవజ్ఞులైన అధికారులు ఎక్కువ విలువ ఇచ్చేది ఈ చివరి పనికే. గాయం కాకపోతే ఎవరూ చెప్పరు. చెప్పకపోతే అదే చోట మరొకరికి గాయమవుతుంది.

ప్రమాదాన్ని తగ్గించే మార్గాలకు ఈ వృత్తిలో ఒక వరుస ఉంది. ప్రమాదకరమైన పనిని పూర్తిగా తొలగించగలమా అని మొదట చూడాలి. కుదరకపోతే ఆ పదార్థానికి, పద్ధతికి బదులు మరొకటి వాడగలమా అని ఆలోచించాలి. ఆపై యంత్రానికి కంచె, దుమ్మును పీల్చే గొట్టం వంటి ఏర్పాట్లు చేయాలి. పని వేళలు, శిక్షణ, హెచ్చరికలు ఆ తర్వాతి మాట. మాస్కు, చేతి తొడుగు, హెల్మెట్ అన్నిటికన్నా చివర వస్తాయి. ఆచరణలో ఈ వరుస తలకిందులవుతుండడమే చిక్కు. దుమ్ము పీల్చే ఏర్పాటుకు ఖర్చు ఎక్కువ కనుక, మాస్కులు పంచి ఊరుకునే మిల్లుకు భద్రత ఉన్నట్లు కనిపిస్తుంది గానీ ఉండదు.

మరమ్మతుల సమయం మరింత కీలకం. యంత్రాన్ని శుభ్రం చేసేందుకు లోపలికి చెయ్యి పెట్టిన మనిషి ఉండగానే, విషయం తెలియని మరొకరు మీట నొక్కిన కారణంగా వేళ్లు, చేతులు పోగొట్టుకున్నవారు ప్రపంచమంతటా ఉన్నారు. దీనికి విరుగుడు చాలా సులువు. కరెంటు తీసేసి, మీటకు తాళం వేసి, పని చేసే వ్యక్తి పేరుతో చీటీ కట్టాలి. తాళంచెవి అతని జేబులోనే ఉండాలి. పని ముగించి అతడే తాళం తీయాలి. ఈ పద్ధతికి అయ్యే ఖర్చు కొద్దిపాటి తాళాల ధరే. కానీ ఉత్పత్తి కొంతసేపు నిలిచిపోతుంది. ఆ కొంతసేపు ఆపించగల మాట చెల్లుబాటు ఉన్నదా లేదా అన్నదే భద్రతాధికారి ఉద్యోగానికి అసలైన కొలమానం.

పత్తి మిల్లులో ఎక్కడెక్కడ ముప్పు?

పొలం నుంచి వచ్చిన పత్తి ముందు జిన్నింగ్ మిల్లుకు చేరుతుంది. అక్కడ గింజ వేరై, దూది బేళ్లుగా మారుతుంది. ఒక్కో బేలు బరువు దాదాపు 170 కిలోలు. వాటిని ఎత్తుగా పేర్చినప్పుడు వరుస జారితే కింద ఉన్న మనిషికి తప్పించుకునే వ్యవధి ఉండదు. జిన్నింగ్ పని పత్తి సీజనుకే పరిమితం. అందువల్ల ఏటా కొత్త కూలీలు వస్తుంటారు. నిరుడు నేర్పినది ఈ సంవత్సరం వచ్చినవారికి తెలియదు.

పత్తిని నొక్కి బేళ్లు కట్టే కర్మాగారంలో పత్తిని విడదీసే యంత్రం నడిచే భాగంలో స్త్రీలు, పిల్లలు పనిచేయరాదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 27వ సెక్షన్ ప్రత్యేకంగా నిషేధించింది. పత్తి వేసే వైపునకూ, బయటకు వచ్చే వైపునకూ నడుమ పైకప్పు దాకా లేదా ఇన్‌స్పెక్టరు రాతపూర్వకంగా నిర్దేశించిన ఎత్తు దాకా గోడ ఉంటే మాత్రం, వేసే వైపు వారు పనిచేసే వీలు కల్పించింది. ఒక్క యంత్రం గురించి చట్టంలో ఏకంగా ఒక సెక్షన్ రాయాల్సి వచ్చిందంటే దాని వల్ల కలిగిన నష్టం ఎంతటిదో ఊహించవచ్చు.

స్పిన్నింగ్ మిల్లులో బ్లోరూమ్, కార్డింగ్, డ్రాయింగ్, సింప్లెక్స్, రింగ్ ఫ్రేమ్, కోన్ వైండింగ్ అని విభాగాలుంటాయి. ఒక్కో విభాగానిది ఒక్కో ముప్పు. బ్లోరూమ్‌లో బేళ్లను విప్పి దూదిని దులుపుతారు. దూదిలో చిక్కుకున్న చిన్న ఇనుప ముక్క తిరిగే పళ్లకు తగిలితే నిప్పురవ్వ పుడుతుంది. ఆ రవ్వ గాలి గొట్టాల గుండా దూదితో పాటే తర్వాతి యంత్రానికి ప్రయాణిస్తుంది. అందుకే ఇనుమును పట్టే అయస్కాంతాలు, రవ్వను పసిగట్టి దారి మళ్లించే పరికరాలు గొట్టాల్లో అమరుస్తారు. వాటిని అమర్చడంతో సరిపోదు. పనిచేస్తున్నాయో లేదో నిర్ణీత వ్యవధిలో పరీక్షించాలి.

బేలులో రాజుకున్న నిప్పు తీరు వేరు. గట్టిగా అదిమిన దూది లోపలికి నీరు సులభంగా చొరబడదు. పైన ఆరిపోయినట్లు కనిపించినా లోపల నిప్పు నివురుగప్పి ఉంటుంది. రోజుల తర్వాత మళ్లీ మండిన సందర్భాలు ఉన్నాయి. కాలిన బేళ్లను వెంటనే గోదాము నుంచి దూరంగా తరలించి, విప్పి ఆర్పాలని అగ్నిమాపక నిపుణులు చెప్పేది ఇందుకే. వేసవి ఎండలకు ఎండిన దూది, రేకుల గోదాము, వదులైన కరెంటు తీగలు ఒకచోట చేరితే ఏమవుతుందో ఈ ప్రాంత రైతులకు, వ్యాపారులకు వేరే చెప్పనక్కరలేదు.

కార్డింగ్ యంత్రంలో వేగంగా తిరిగే సూదిపళ్ల రోలరు ఉంటుంది. కరెంటు తీసేసిన తర్వాత కూడా అది కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది. ఆగిందనుకొని మూత తీసినవారికి గాయాలవుతాయి. పూర్తిగా ఆగే వరకు మూత తెరుచుకోని ఏర్పాటు కొత్త యంత్రాల్లో ఉంది. దూది అడ్డుపడిన ప్రతిసారీ యంత్రం ఆగిపోతోందన్న విసుగుతో ఆ ఏర్పాటు పనిచేయకుండా తీగ కలిపేసే అలవాటు మాత్రం ప్రమాదకరం. షిఫ్టులో భద్రతాధికారి మొదట చూడాల్సిన వాటిలో ఇదొకటి. వేలాడే చున్నీ, చీర కొంగు, విడిచిన జడ తిరిగే షాఫ్టుకు చుట్టుకోకుండా చూడడం మరొకటి.

రింగ్ ఫ్రేమ్ హాలులో మోత తక్కువేమీ కాదు. రోజుకు 8 గంటలు పనిచేసేవారికి 90 డెసిబెల్స్ మించరాదన్నది మన దేశంలో పాటించే పరిమితి. మోత 95 డెసిబెల్స్‌కు చేరితే 4 గంటలే ఉండాలి. చెవిలోని సున్నితమైన కణాలు ఒకసారి దెబ్బతింటే తిరిగి రావు. వినికిడి తగ్గిన సంగతి కార్మికుడికి కన్నా ముందు ఇంట్లో వాళ్లకే తెలుస్తుంది.

కనిపించని జబ్బు

చెయ్యి తెగితే అందరికీ కనిపిస్తుంది. ఊపిరితిత్తి పాడైతే కనిపించదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023లో వెలువరించిన అంచనా ప్రకారం పని సంబంధిత కారణాలతో ప్రపంచంలో ఏటా దాదాపు 30 లక్షల మంది మరణిస్తున్నారు. వారిలో ప్రమాదాల వల్ల చనిపోయేవారు సుమారు 3.3 లక్షలు. మిగిలిన వారంతా పని వల్ల వచ్చిన జబ్బులతో పోయినవారే. పత్తి ప్రాంతంలో ఈ లెక్కకు ప్రత్యేకమైన అర్థం ఉంది.

పత్తి దుమ్మును ఏళ్ల తరబడి పీల్చినవారికి వచ్చే జబ్బు పేరు బిస్సినోసిస్. దీని లక్షణం విచిత్రంగా ఉంటుంది. వారాంతపు సెలవు ముగించుకొని పనిలోకి వచ్చిన మొదటి రోజే ఛాతీ బిగుసుకుపోతుంది. ఆయాసం వస్తుంది. రెండో రోజుకు తగ్గుతుంది. అందుకే పాశ్చాత్య దేశాల మిల్లుల్లో దీనిని సోమవారపు జ్వరం అని పిలిచేవారు. జబ్బు ముదిరిన కొద్దీ మిగతా రోజులకూ పాకుతుంది. చివరకు పని మానేసినా ఆయాసం వదలదు. 1950లలో బ్రిటిష్ వైద్యుడు రిచర్డ్ షిల్లింగ్ లాంకషైర్ మిల్లు కార్మికులను పరిశీలించి, ఈ లక్షణాలను బట్టి జబ్బును దశలుగా విభజించారు. ఆ విభజనే తర్వాతి పరిశోధనలకు ఆధారమైంది.

దూది పోగు కన్నా, దానితో వచ్చే ఆకు, తొడిమ తునకలపై ఉండే బ్యాక్టీరియా విషమే ముఖ్య కారణమని పరిశోధకులు భావిస్తున్నారు. కనుక చెత్త ఎక్కువగా ఉన్న పత్తి వచ్చిన రోజున దుమ్ము కూడా ఎక్కువ హాని చేస్తుంది. బ్లోరూమ్, కార్డింగ్ విభాగాల్లోని వారికి ముప్పు అధికం. అమెరికా 1978లో నూలు తయారీ విభాగాల్లో పత్తి దుమ్ము ఘనపు మీటరు గాలికి 200 మైక్రోగ్రాములు మించరాదని నిబంధన తెచ్చింది. ఖర్చు భరించలేమంటూ అక్కడి మిల్లు యజమానులు సుప్రీం కోర్టు దాకా వెళ్లారు. 1981లో కోర్టు ఆ నిబంధననే సమర్థించింది. కార్మికుడి ఆరోగ్యాన్ని లాభనష్టాల త్రాసులో తూచే పని చట్టసభ ఎప్పుడో ముగించిందన్నది ఆ తీర్పు సారాంశం.

మన దేశంలో బిస్సినోసిస్‌కు పరిహారం పొందే హక్కు ఉంది. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం మూడో షెడ్యూలులో దీనిని వృత్తి వ్యాధిగా చేర్చారు. ఈఎస్ఐ చట్టంలోనూ ఉండేది. అయితే హక్కు కాగితంపై ఉండటం వేరు, రోగిని గుర్తించడం వేరు. దగ్గు, ఆయాసంతో వచ్చిన కార్మికుడికి ఉబ్బసమనో, క్షయ అనుమానమనో, బీడీ అలవాటనో మందులు ఇచ్చి పంపితే కారణం బయటపడదు. ఏ పని చేస్తావని అడగాలన్న సలహా 1700లోనే ఇటలీ వైద్యుడు రమజ్జినీ తోటి వైద్యులకు ఇచ్చారు. మూడు శతాబ్దాలు గడిచినా ఆ ప్రశ్న అడిగేవారు తక్కువే.

ఇక్కడే భద్రతాధికారి ఉపయోగపడతారు. సెలవు తర్వాత పనిలోకి వచ్చిన రోజున షిఫ్టుకు ముందు, తర్వాత ఊపిరి బలాన్ని కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష జరిపిస్తే తేడా తెలిసిపోతుంది. తొలి దశలో దుమ్ము లేని విభాగానికి మారిస్తే కోలుకునే అవకాశం ఉంది. ఇది డాక్టరు చేసే పరీక్షే అయినా, ఎవరికి, ఎప్పుడు అవసరమో చెప్పగలిగేది మిల్లు లోపల తిరిగే మనిషే. యంత్రాలపై పడిన దూది దుమ్మును గాలి గొట్టంతో ఊదకుండా, పీల్చే యంత్రంతో తీయించడం వంటి చిన్న మార్పు సైతం గాలిలో దుమ్మును తగ్గిస్తుంది. ఊదితే యంత్రం శుభ్రపడుతుంది, దుమ్ము మాత్రం పక్కవాడి ముక్కులోకి చేరుతుంది.

మిర్చి గిడ్డంగి, అమ్మోనియా

గుంటూరు మిర్చి యార్డుకు అనుబంధంగా రహదారి వెంట వెలసిన శీతల గిడ్డంగుల్లో చల్లదనానికి సాధారణంగా వాడేది అమ్మోనియా వాయువు. ముక్కుపుటాలు అదిరే వాసన దీనికి ఉంది. ఒక రకంగా అది మేలే, లీకైతే వెంటనే తెలుస్తుంది. గాలిలో పది లక్షల పాళ్లకు 300 పాళ్లు చేరితే ప్రాణానికే ముప్పు. లీకైనప్పుడు గాలి వీచే దిశకు అడ్డంగా బయటకు పరుగెత్తాలి. అమ్మోనియా నీటిలో బాగా కరుగుతుంది కనుక గాలిలో వ్యాపించిన ఆవిరిపై నీటిని తుంపరగా చల్లితే తగ్గుతుంది. నేలపై పడిన ద్రవ అమ్మోనియాపై మాత్రం నీళ్లు పోయరాదు. పోస్తే ఆవిరి మరింత పెరుగుతుంది. ఈ తేడా తెలియక మేలు చేయబోయి కీడు చేసేవారు ఉంటారు. గిడ్డంగిలో శిక్షణ పొందిన ఒక్కరున్నా చాలు, ఆ క్షణంలో గందరగోళం తగ్గుతుంది.

మిర్చి తొడిమలు తీసే చోట, కారం పట్టే చోట ఘాటు దుమ్ము కళ్లు, గొంతు మండిస్తుంది. తొడిమలు తీసేవారిలో ఎక్కువమంది మహిళలే. ఈ పని గంటల కొద్దీ కూర్చుని చేసేది కావడంతో నడుము, మెడ నొప్పులు తోడవుతాయి.

చట్టం గీసిన గీత ఎక్కడ?

1948 ఫ్యాక్టరీల చట్టంలో సేఫ్టీ ఆఫీసరు నియామకం గురించిన 40-బి సెక్షన్‌ను 1976లో చేర్చారు. 1,000 మంది లేదా అంతకు పైబడి కార్మికులున్న కర్మాగారంలోనూ, ప్రమాదకరమని రాష్ట్ర ప్రభుత్వం భావించిన చోటా నియామకం తప్పనిసరి అన్నది ఆ సెక్షన్ సారాంశం. 1984 డిసెంబరులో భోపాల్ విషవాయువు దుర్ఘటన తర్వాత 1987లో చట్టాన్ని మరింత కట్టుదిట్టం చేశారు. యాజమాన్య, కార్మిక ప్రతినిధులు సమాన సంఖ్యలో ఉండే భద్రతా కమిటీలు, ముప్పును ముందుగా హెచ్చరించే హక్కు అప్పుడే వచ్చాయి.

వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి-2020 గత సంవత్సరాల చట్టాల స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. దీని 22వ సెక్షన్ ప్రకారం 500 మంది కార్మికులున్న కర్మాగారంలో, ప్రమాదకర ప్రక్రియలు సాగే కర్మాగారమైతే 250 మంది ఉన్నా, భద్రతాధికారి ఉండాలి. భవన నిర్మాణ పనుల్లో 250 మంది, గనుల్లో 100 మంది ఉంటే నియామకం తప్పదు. వెయ్యి నుంచి ఐదు వందలకు దిగిరావడం మంచి మార్పే.

అయితే ఎడ్లపాడు వంటి చోట ఈ లెక్క వేరుగా కనిపిస్తుంది. ప్రమాదకర ప్రక్రియల జాబితాలో సిమెంటు, ఎరువులు, ఔషధాలు, విద్యుదుత్పత్తి, నూనె తీసే పరిశ్రమలు ఉన్నాయి. పత్తి జిన్నింగ్, స్పిన్నింగ్ లేవు. కాబట్టి నూలు మిల్లుకు వర్తించేది 500 మంది గీతే. యంత్రాలు ఆధునికమవుతున్న కొద్దీ మనుషుల సంఖ్య తగ్గుతోంది. మధ్యతరహా మిల్లు మూడు షిఫ్టులు కలిపినా ఆ సంఖ్యకు చేరకపోవచ్చు. సీజనులో నడిచే జిన్నింగ్ మిల్లు, శీతల గిడ్డంగి ఆ దరిదాపులకు రావు. పత్తి గింజల నూనె మిల్లు జాబితాలో ఉన్నా 250 మంది అక్కడ పనిచేయరు. కార్మికులు తక్కువైనంత మాత్రాన కార్డింగ్ రోలరు నెమ్మదిగా తిరగదు, అమ్మోనియా ఘాటు తగ్గదు.

దీనర్థం చిన్న మిల్లులకు భద్రతా బాధ్యత లేదని కాదు. అధికారిని నియమించాల్సిన అవసరం మాత్రమే తప్పుతుంది. యంత్రాలకు కంచెలు, ఉచిత ఆరోగ్య పరీక్షలు, ప్రమాదాల సమాచారం వంటి విధులు యాజమాన్యంపై ఉంటాయి. 40 ఏళ్లు దాటిన కార్మికులకు ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష జరిపించాలని కేంద్రం ప్రకటించింది. విధులు నిర్వర్తించకపోవడం వల్ల మరణం సంభవిస్తే రెండేళ్ల వరకు జైలు లేదా 5 లక్షల రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. జరిమానాలో కనీసం సగం బాధిత కుటుంబానికి ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది. ఇరుగుపొరుగు మిల్లులు కలిసి ఒక అర్హుడైన భద్రతాధికారి సేవలు వంతులవారీగా వినియోగించుకుంటే ఒక్కొక్కరిపై పడే భారం స్వల్పమే. అందుకు ఏ చట్టమూ అడ్డు చెప్పదు.

తెలుగు నేలపై దుర్ఘటనలు తక్కువేమీ కాదు. 1997 సెప్టెంబరు 14న విశాఖలో హెచ్‌పీసీఎల్ రిఫైనరీ పేలుడు, 2020 మే 7న అదే నగరంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరిన్ లీకు, 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ఎసెన్షియా ఔషధ కర్మాగారంలో 17 మంది మరణం, 2025 జూన్ 30న తెలంగాణలోని పాశమైలారంలో సిగాచీ కర్మాగారంలో 50 మందికి పైగా బలి కావడం పత్రికల్లో పతాక శీర్షికలైనవి. ఒక్కొక్కరుగా వేళ్లు, ఊపిరి పోగొట్టుకుంటున్నవారు మాత్రం లోపలి పేజీల్లోకి కూడా రారు.

అర్హతలు, శిక్షణ

ఇప్పటివరకు రాష్ట్రాలు అనుసరించిన నిబంధనల ప్రకారం సాధారణంగా ఇంజినీరింగ్ డిగ్రీ, కర్మాగారంలో పర్యవేక్షక హోదాలో రెండేళ్ల అనుభవం ఉండాలి. భౌతిక లేదా రసాయన శాస్త్ర డిగ్రీ, ఇంజినీరింగ్ డిప్లొమా ఉన్నవారికి ఐదేళ్ల అనుభవం కావాలి. వీటికి తోడు రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన పారిశ్రామిక భద్రతా డిగ్రీ లేదా డిప్లొమా తప్పనిసరి. కొత్త స్మృతి కింద రాష్ట్ర నిబంధనలు ఎలా ఉన్నాయో చేరే ముందు ఫ్యాక్టరీల శాఖ కార్యాలయంలో సరిచూసుకోవడం మేలు.

భద్రతా శిక్షణలో పేరున్నది కేంద్ర కార్మిక శాఖ పరిధిలోని డీజీఫాస్లీ సంస్థ. దీని కింద ముంబయిలో కేంద్ర కార్మిక విజ్ఞాన సంస్థ, చెన్నై, కోల్‌కతా, కాన్పూర్, ఫరీదాబాద్‌లలో ప్రాంతీయ సంస్థలు ఉన్నాయి. ఏడాది కాలపు పారిశ్రామిక భద్రత అడ్వాన్స్‌డ్ డిప్లొమా వీటిలో బోధిస్తారు. పల్నాడు వారికి దగ్గరిది చెన్నై. ఎడ్లపాడు మీదుగా పోయే రహదారే అక్కడికి తీసుకెళుతుంది.

కొద్ది వారాల్లో సేఫ్టీ ఆఫీసరు సర్టిఫికెట్ ఇస్తామని ప్రకటించే శిక్షణ కేంద్రాల విషయంలో జాగ్రత్త అవసరం. ఆ సర్టిఫికెట్‌ను ఫ్యాక్టరీల శాఖ గుర్తిస్తుందా అన్న ఒక్క ప్రశ్న అడిగితే చాలు, రుసుము చెల్లించాలో వద్దో తేలిపోతుంది. బ్రిటన్‌కు చెందిన నెబోష్ సర్టిఫికెట్‌కు గల్ఫ్ దేశాల్లో మంచి గిరాకీ ఉంది. దుబాయి, ఖతర్, సౌదీ నిర్మాణ సంస్థల ప్రకటనల్లో దీనిని అడుగుతుంటారు. మన దేశంలో చట్టబద్ధ భద్రతాధికారి పదవికి మాత్రం అదొక్కటే సరిపోదు. రెండు దారుల్లో ఏది కావాలో ముందే నిర్ణయించుకోవాలి.

కొలువులు ఎక్కడ?

సొంత మండలంలో అవకాశాలు పరిమితమే అయినా జిల్లా దాటనక్కరలేదు. సున్నపురాయి పుష్కలంగా ఉన్న పల్నాడులో సిమెంటు కర్మాగారాలు మొదటి నుంచీ ఉన్నాయి. మాచర్లలో కేసీపీ సిమెంటు 1958 నుంచి నడుస్తోంది. సిమెంటు ప్రమాదకర ప్రక్రియల జాబితాలోనిది కనుక 250 మంది గీతే వర్తిస్తుంది. సున్నపురాయి గనులకు 100 మంది పరిమితి, గనుల చట్టాల ప్రత్యేక అర్హతలు వేరే ఉన్నాయి. 2025 మే 2న పునఃప్రారంభమైన అమరావతి రాజధాని నిర్మాణ పనులు మరో ప్రధాన అవకాశం. ఎత్తులో పనిచేసేవారికి కట్టే బెల్టు, పరంజా, క్రేను, తవ్విన గోతి అంచు, ఇవన్నీ నిర్మాణ రంగ భద్రతాధికారి రోజూ చూడాల్సినవి. విశాఖ, అచ్యుతాపురం, శ్రీసిటీ ప్రాంతాల్లో ఔషధ, రసాయన, వాహన పరిశ్రమలు భద్రతా విభాగాలను విడిగా నడుపుతున్నాయి. సూపర్‌వైజరుగా చేరి, అధికారిగా, ఆపై మేనేజరుగా ఎదిగే క్రమం అక్కడ స్పష్టంగా ఉంది.

చదువు పూర్తికాగానే నేరుగా ఈ కొలువు దొరకదు. యంత్రం నడిపే పనిలోనో, నిర్వహణ విభాగంలోనో రెండు, మూడేళ్లు గడపాలి. అలా గడిపినవారికే కార్మికుడు ఏ అవసరం కోసం కంచె తీసేస్తాడో తెలుస్తుంది. కంచె తీసినందుకు జరిమానా వేయడం తేలిక. తీయకుండా పని జరిగేలా కంచెను మార్చడమే నైపుణ్యం.

హోదా, భాష

నిబంధనల్లోని రెండు షరతులను ఉద్యోగార్థులు తరచూ దాటవేస్తుంటారు. మొదటిది హోదా. భద్రతాధికారి సీనియర్ అధికారి స్థాయిలో నేరుగా కర్మాగారం ముఖ్య అధికారి కింద పనిచేయాలి. భద్రతకు సంబంధం లేని పనులు ఆయనకు అప్పగించరాదు. ఉత్పత్తి మేనేజరు కింద పెడితే యంత్రం ఆపమని ఎవరికి చెప్పగలరు? హాజరు పట్టీలు, క్యాంటీన్, వాహనాల లెక్కలు అప్పగిస్తే షెడ్డులోకి ఎప్పుడు వెళ్లగలరు? ఇంటర్వ్యూలో జీతం కన్నా ముందు, ఎవరికి జవాబుదారీగా పనిచేయాలన్న సంగతి అడిగి తెలుసుకోవాలి.

రెండోది భాష. ఆ ప్రాంతపు కార్మికుల్లో అధిక సంఖ్యాకులు మాట్లాడే భాష తగినంత తెలిసి ఉండాలన్నది అర్హతల్లో ఒకటి. ఈ షరతు రాసిన కాలంలో ఆంధ్ర ప్రాంతంలో అది తెలుగేనని అందరూ అనుకొని ఉంటారు. నేడు పత్తి మిల్లుల్లో రాత్రి షిఫ్టులో వినిపించేది తరచూ ఒడియా, హిందీ. మూత తీయరాదని తెలుగులో రాసిన బోర్డు అక్కడ గోడకు అలంకారమే. బొమ్మలతో బోర్డులు, అదే భాషలో పది నిమిషాల షిఫ్టు సమావేశం, వారిలోనే ఒకరిని భద్రతా ప్రతినిధిగా తీర్చిదిద్దడం మిల్లు పరిధిలో సాధ్యమైన పనులే. కాంట్రాక్టరు తెచ్చిన కార్మికులనూ 1948 చట్టం కార్మికులుగానే లెక్కించింది. మిల్లు పేరోలులో పేరు లేదన్న కారణంతో వారికి శిక్షణ ఎగవేయడం కుదరదు. హిందీలో మాట్లాడగల స్థానిక యువకుడికి, కొద్దిపాటి ఒడియా నేర్చుకున్న డిప్లొమా పట్టభద్రుడికి ఈ కొలువులో అదనపు అర్హత ఉన్నట్లే.